మూల పురుషుడి పేరిట పొలం: దక్షిణ చైనా పల్లెలను కట్టి ఉంచింది ఏమిటి?

కాంటనీస్ మాట్లాడే ప్రాంతాల్లో ఒక సామెత ఉంది: తాతగారు పంది మాంసం పంచితే మనిషికో వాటా. ఏదైనా అందరికీ తలా కొంచెం అందుతుంటే ఇప్పటికీ ఈ మాటే వాడతారు. అయితే సామెతలోని తాత బతికున్న తాత కాదు. ఎన్నో వందల ఏళ్ల కిందట ఆ ఊరికి వచ్చి స్థిరపడిన మూల పురుషుడు. ఆయన పోయినా ఆయన పేరిట పొలం ఉంది. ఆ పొలానికి కౌలు వస్తుంది. కౌలు డబ్బుతో ఏటా పందుల్ని కొని, ఆయన సమాధి దగ్గర నైవేద్యం పెట్టి, ఆ మాంసాన్ని ఆయన వంశంలో పుట్టిన మగవాళ్లకు తూకం వేసి పంచుతారు.

దక్షిణ చైనా పల్లె అనగానే గుండ్రటి మట్టి కోటలు, ఎర్ర లాంతర్లు, కొండవాలున నల్లపెంకుల ఇళ్లు గుర్తొస్తాయి. ఫొటోల్లో అవి వేటికవే వింతగా కనిపిస్తాయి. కానీ గ్వాంగ్‌డాంగ్, ఫుజియాన్ రాష్ట్రాల్లోనూ, హాంకాంగ్ శివారు పల్లెలున్న న్యూ టెరిటరీస్‌లోనూ ఆచారాలను కాస్త తవ్వి చూస్తే, చాలావాటి వేరు ఆ చనిపోయిన మనిషి పొలంలోనే తేలుతుంది. పేర్లు పెట్టే పద్ధతి, ఎముకలు కడిగే పద్ధతి, ఇల్లు కట్టే తీరు, ఆడపిల్లను సాగనంపే తీరు, అన్నీ ‘ఈ ఆస్తిలో వాటాదారు ఎవరు’ అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి.

ఊరంతా ఒకే ఇంటిపేరు

ఈ ప్రాంతంలో ఊరికి ఊరే ఒక ఇంటిపేరు వాళ్లది కావడం మామూలు విషయం. న్యూ టెరిటరీస్‌లో పింగ్ షాన్, హా ట్సున్, కామ్ టిన్ ఊళ్లు తాంగ్‌లవి. సాన్ టిన్ మాన్‌లది. షంగ్ షుయి లియులది. మన ఊళ్లలో వీధికో కులం, కులానికి నాలుగు ఇంటిపేర్లు ఉంటాయి కాబట్టి ఇది ఊహించడం కొంచెం కష్టమే. రెండు మూడు వేల జనం ఉన్న ఊళ్లో మగవాళ్లందరూ ఒకరికొకరు దాయాదులే. ఒకే ఇంటిపేరు వాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న నియమం అక్కడా ఉంది. మనకు సగోత్రం ఎలాగో వాళ్లకు అది అలాగ. దాంతో ఊళ్లోని ప్రతి కోడలూ పైఊరి నుంచి వచ్చినదే, ప్రతి ఆడపిల్లా పైఊరికి పోవలసినదే. ఈ సంగతి ముందు ముందు అవసరమవుతుంది.

తమ పూర్వీకులు ఉత్తరాన నాన్‌షియోంగ్ కనుమ దగ్గరి జూజీ వీధి నుంచి వలస వచ్చారని గ్వాంగ్‌డాంగ్‌లోని చాలా వంశాలు చెప్పుకుంటాయి. ఇన్ని లక్షల మంది ఒక్క వీధి నుంచి ఎలా వచ్చారన్న అనుమానం రావడం సహజం. చాలామంది చరిత్రకారులు దీన్ని నిజమైన వలస జ్ఞాపకంగా కంటే, ‘మేం ఎక్కడి నుంచో వచ్చిన అనామకులం కాదు, రాజ్యం గుర్తించిన పన్ను కట్టే రైతులం’ అని చెప్పుకోవడానికి పుట్టిన కథగా చూస్తారు. ఊరికి ముందు ఒక కథ కావాలి. ఆ కథకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి పేరున పొలం పెట్టొచ్చు.

పొలం ఎందుకు పెట్టాలి? చైనాలో తండ్రి ఆస్తి కొడుకులందరికీ సమానంగా పంచాలి. అన్నదమ్ములు వేరుపడ్డారంటే పొయ్యి వేరుపడిందని అర్థం. కొత్త పొయ్యి వెలిగిన రోజు నుంచి అది వేరే ఇల్లు. ముగ్గురు కొడుకులకు మూడు ముక్కలు, వాళ్ల పిల్లలకు తొమ్మిది ముక్కలు. మూడు తరాల్లో ఎంతటి కామందు కుటుంబమైనా కౌలు రైతు స్థాయికి దిగిపోతుంది. దీనికి మందుగా, పంపకాలకు ముందే కొంత పొలం పక్కకు తీసి తాత పేరున ఉంచేస్తారు. దాన్ని పంచుకోకూడదు, అమ్ముకోకూడదు. 12వ శతాబ్దపు పండితుడు జూ షీ, పితృకార్యాల ఖర్చు కోసం పొలంలో ఇరవయ్యో వంతు పక్కన పెట్టమని రాశాడు. నిజానికి మామూలు జనం పెద్ద పితరుల మందిరాలు కట్టుకోవడం 16వ శతాబ్దంలో మింగ్ పాలకులు నిబంధనలు సడలించాక గానీ ఊపందుకోలేదు.

ఇది చైనా అంతటా ఉన్న ఆలోచనే. మరి దక్షిణాదిలోనే ఇంత బలంగా ఎందుకు వేళ్లూనింది? 1958లో బ్రిటిష్ మానవ శాస్త్రవేత్త మారిస్ ఫ్రీడ్‌మన్ చెప్పిన జవాబు మీద ఇప్పటికీ చర్చ నడుస్తోంది. వరి పంట మిగులు ఎక్కువ, కాలువలూ గట్లూ ఒక్క ఇంటి వల్ల అయ్యేవి కావు, రాజధాని దూరం, పక్క ఊరి నుంచి రక్షణ తామే చూసుకోవాలి. ఇవన్నీ కలిసి ఉమ్మడి ఆస్తి ఉన్న పెద్ద వంశాలను పుట్టించాయన్నది ఆయన వాదన. చరిత్రకారుడు డేవిడ్ ఫోర్ దీన్ని వేరే వైపు నుంచి చూశారు. వంశం అనేది రక్తం నుంచి దానంతట అది పుట్టింది కాదని, రాజ్యం పన్ను పుస్తకాల్లోకి, కర్మకాండల్లోకి ఊరు చేరే క్రమంలో తయారైన సంస్థ అని ఆయన అంటారు. పెర్ల్ నది డెల్టా భూముల చరిత్ర చూస్తే ఫోర్ వాదనకే బలం ఎక్కువ కనిపిస్తుంది.

ఉదాహరణకు గ్వాంగ్‌జౌ శివార్లలో, పాన్యూ ప్రాంతంలోని శావాన్ ఊరు. ఇక్కడి ‘హ’ అనే ఇంటిపేరున్న వంశం వాళ్ల పితరుల మందిరం పేరు ల్యుగంగ్ టాంగ్. బిడ్డలు దున్నుకోవడానికి మిగిల్చిన మందిరం అని దాని అర్థం. పెర్ల్ నది ఏటా తెచ్చే ఒండ్రు మట్టి సముద్రం అంచున మేట వేస్తుంది. రాళ్లు పోసి గట్టు కడితే కొన్నేళ్లకు అది మడి అవుతుంది. దీనికి పెట్టుబడి కావాలి, అధికారుల దగ్గర పలుకుబడి కావాలి. ఒక రైతుకు రెండూ ఉండవు, ఒక మందిరానికి ఉంటాయి. 20వ శతాబ్దం మొదటి భాగానికి ఈ ఒక్క మందిరం చేతిలో 50,000 మూలకు పైగా భూమి ఉండేది. మూ అంటే ఎకరంలో సుమారు ఆరో వంతు. అంటే ఒక చనిపోయిన మనిషి 8,000 ఎకరాలకు పైగా ఆసామి.

ఆ మడుల్లో నిజంగా చెమట చిందించింది ఎవరు? పడవల్లోనే కాపురాలుండే డాన్ జనం. వాళ్లకు మందిరం లేదు, వంశవృక్షం లేదు, గట్టు మీద గట్టి ఇల్లు కట్టుకునే హక్కు లేదు. 1729లో యోంగ్‌జంగ్ చక్రవర్తి వాళ్లు ఒడ్డున స్థిరపడొచ్చని ఆజ్ఞ ఇచ్చినా, ఊళ్లు వాళ్లను చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. ‘మనిషికో వాటా’ అన్న సామెతలో మనిషి అనే మాట ఎంత ఇరుకైనదో ఇక్కడే మొదటిసారి తెలుస్తుంది.

1930ల్లో ఆర్థికవేత్త చెన్ హాన్‌షెంగ్ గ్వాంగ్‌డాంగ్ సాగుభూమిలో దాదాపు మూడో వంతు ఇలాంటి ఉమ్మడి ఆస్తుల కిందే ఉందని అంచనా వేశారు. చాలాచోట్ల కొడుకుల శాఖలు ఏడాదికొకటి చొప్పున వంతులు వేసుకుని దాన్ని చూసుకునేవి. ఈ ఏడు పెద్దకొడుకు శాఖ కౌలు వసూలు చేసి పూజ ఖర్చు భరిస్తే, వచ్చే ఏడు రెండో శాఖ. మిగిలిన డబ్బుతో బడి నడిచేది. తెలివైన కుర్రాడు ప్రభుత్వ పరీక్షలకు వెళితే దారి ఖర్చు ఇచ్చేవాళ్లు. పేదవాడికి శవపేటికకు కూడా దిక్కులేకపోతే అదీ చూసేవాళ్లు. ఈ మేలు నిజమైనదే. అయితే పెత్తనం ఎప్పుడూ డబ్బున్న శాఖ చేతిలోనే ఉండేది. పేద దాయాది తన తాత పొలాన్నే తన దాయాదుల దగ్గర కౌలుకు తీసుకుని, పంట పండినా పండకపోయినా గింజలు కొలిచేవాడు.

దీపం, పేరు, మాంసం

కొత్త సంవత్సరం వచ్చిన మొదటి నెలలో, పౌర్ణమి అటూ ఇటూగా, గడిచిన ఏడాది కొడుకు పుట్టిన ఇళ్లవాళ్లు మందిరంలో లాంతరు కడతారు. మగబిడ్డ అనే మాట, దీపం అనే మాట అక్కడి భాషల్లో దగ్గరగా పలుకుతాయి. దీపం కట్టడమంటే పిల్లవాడిని పితరులకు చూపించి, పేరు జాబితాలో ఎక్కించడం. ఇది అందమైన పండుగ. బొమ్మలు అతికించిన లాంతర్లు, విందు, టపాకాయలు. కానీ దాని లోపల జరిగేది నమోదు పని. దీపం కట్టని పిల్లవాడు వాటాదారు కాడు. ఆడపిల్ల పుడితే దీపం లేదు.

పేరులోనూ ఇదే లెక్క. చాలా వంశాలకు ఒక తరాల పద్యం ఉంటుంది. అందులోని ఒక్కో అక్షరం ఒక్కో తరానిది. ఆ తరంలో పుట్టిన మగపిల్లలందరి పేర్లలో ఆ అక్షరం వస్తుంది. పేరు వినగానే మూల పురుషుడి నుంచి ఎన్నో తరమో తెలిసిపోతుంది. అరవై ఏళ్ల మనిషి పదేళ్ల కుర్రాడిని బాబాయ్ అని పిలవాల్సి రావడం ఇలాంటి ఊళ్లలో వింత కాదు. వరసకు వయసుతో పనిలేదు, పద్యంలో స్థానంతోనే పని.

మాంసం పంపకంలో ఇంకా స్పష్టత ఉంటుంది. వసంతంలో ఛింగ్‌మింగ్ రోజున, శరదృతువులో తొమ్మిదో నెల తొమ్మిదో రోజున వంశం వాళ్లంతా కొండల్లోని సమాధులకు వెళ్తారు. గడ్డి కోసి, ధూపం వేసి, కాల్చిన పందిని ముందు పెడతారు. తర్వాత కత్తి, తక్కెడ, జాబితా. మగవాడికి ఒక వాటా. వయసు అరవై దాటితే అదనపు వాటా. పాతకాలంలో ప్రభుత్వ పరీక్ష గట్టెక్కినవాడికి ఇంకొంత. దొంగతనం, తండ్రి మీద చేయి చేసుకోవడం, ఉమ్మడి పొలం అమ్మేయడం లాంటివి చేస్తే శిక్ష ఏమిటంటే మాంసం ఆపేయడం. ఆ కాస్త మాంసం ఆపడం చిన్న శిక్ష అనిపించవచ్చు. కానీ మాంసం ఆగిందంటే జాబితాలో పేరు కొట్టేశారని, పేరు లేదంటే ఊళ్లో ఇల్లు, బడి, రేపటి సమాధి ఏదీ లేవని అర్థం.

న్యూ టెరిటరీస్ పల్లెల్లో పెళ్లిళ్లకు, దీపాల పండుగకు పెట్టే పూన్ చోయ్ విందులోనూ ఈ సమానత్వం కనిపిస్తుంది. పెద్ద గంగాళంలో అడుగున ముల్లంగి, పంది తోలు, సోయా పనీర్, పైన పంది మాంసం, కోడి, రొయ్యలు పొరలు పొరలుగా పేరుస్తారు. బల్ల నిండగానే అందరూ అదే గిన్నెలోంచి తినడం మొదలుపెడతారు. పెద్దవాళ్లు ముందు అనే వరస లేదు, ప్రత్యేక వడ్డన లేదు. కోటీశ్వరుడైనా కూలివాడైనా ఒకే గంగాళం. ఈ ఊళ్లలో ఏళ్ల తరబడి పనిచేసిన మానవ శాస్త్రవేత్త జేమ్స్ వాట్సన్‌ను ఇదే ఆకట్టుకుంది. మిగతా చైనాలో విందు అంటే హోదాల వరసే. ఇక్కడ వాటాదారులు కనీసం ఒక పూట సమానులు.

ఎముక తండ్రిది, కండ తల్లిది

ఈ ప్రాంతంలో మనిషిని ఒకసారి పూడ్చి ఊరుకోరు. ఆరేడేళ్ల తర్వాత మంచి రోజు చూసి గుంత తవ్వి, ఎముకలు తీసి, శుభ్రంగా తుడిచి, కూర్చున్న మనిషిలా వరసగా ఒక మట్టి జాడీలో అమరుస్తారు. పుర్రె పైన వస్తుంది. ఆ జాడీని బంగారు గోపురం అంటారు. కొండవాలున అలాంటి జాడీలు బారులు తీరి ఉంటాయి. కుటుంబానికి కలిసొస్తే, ఫంగ్ షుయి చూసే మనిషి ఎంచిన స్థలంలో గుర్రపు నాడా ఆకారంలో శాశ్వత సమాధి కడతారు. చాలామందికి ఆ యోగం పట్టదు. జాడీలోనే ఉండిపోయి, మనవళ్లు మర్చిపోయాక కొండలో కలిసిపోతారు.

ఇంత శ్రమ వెనక ఒక నమ్మకం ఉంది. ఎముక తండ్రి నుంచి వస్తుంది, కండ తల్లి నుంచి వస్తుంది. కండ కుళ్లిపోవాలి, ఎముక నిలవాలి. అంటే చనిపోయాక కూడా మనిషిలోంచి తల్లి భాగాన్ని వేరుచేసి, తండ్రి భాగాన్ని మాత్రమే వంశం దాచుకుంటుంది. సమాధి ఆచారం ఆస్తి చట్టాన్ని ఇంత కచ్చితంగా అనుసరించడం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

ఇళ్లు కూడా వాటాల లెక్కనే కట్టారు. ఫుజియాన్ కొండల్లో హక్కా జనం, అంటే ఉత్తరం నుంచి వలస వచ్చి తమదైన భాష మాట్లాడేవాళ్లు, కట్టిన తులౌలు అనే పెద్ద మట్టి ఇళ్లు బయటి నుంచి చూస్తే కోటల్లా ఉంటాయి. గావ్‌బెయ్ ఊళ్లో 1709లో పూర్తయిన ఛంగ్‌ఛీ లౌలో ఒకదానిలోపల ఒకటిగా నాలుగు వలయాలు, దాదాపు 400 గదులు ఉన్నాయి. నట్టనడుమ పితరుల మందిరం. బయటి వలయంలో ఒక్కో కుటుంబానికి నేల నుంచి పైకప్పు దాకా ఒక నిలువు ముక్క. కింద వంటిల్లు, దాని మీద ధాన్యం గది, ఆ పైన పడకగదులు. గదులన్నీ ఒకే కొలత. ఎవరి గదీ ఇంకొకరి గది కంటే గొప్పది కాదు. యునెస్కో 2008లో ఇలాంటి 46 కట్టడాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దిట్టంగా కొట్టిన ఆ మట్టి గోడలు ఊరికే కట్టలేదు. నీళ్ల కోసం, కొండ కోసం, సమాధి స్థలం కోసం ఊళ్లకు ఊళ్లు కొట్టుకునేవి. 1855 నుంచి 1867 వరకు గ్వాంగ్‌డాంగ్‌లో హక్కాలకూ స్థానికులకూ జరిగిన పోరులో లక్షల మంది చనిపోయారు. లోపలివాళ్లతో ఎంత సమానత్వమో, బయటివాళ్లతో అంత కత్తి.

పేరు పోగొట్టుకునేవాళ్లు

ఈ వ్యవస్థకు అసలు మూల్యం చెల్లించింది ఆడవాళ్లు. 1970ల చివర హా ట్సున్‌లో ఉండి పరిశీలించిన మానవ శాస్త్రవేత్త రూబీ వాట్సన్ ఒక విషయాన్ని గమనించారు. మగవాడికి వయసుతోపాటు పేర్లు పెరుగుతూ పోతాయి. చిన్నప్పటి పేరు, బడి పేరు, పెళ్లినాటి పేరు. ఆడపిల్లకు పెళ్లితో ఉన్న పేరే పోతుంది. ఆ తర్వాత ఆమె ఫలానావాడి భార్య, ఫలానావాడి తల్లి, చివరికి ముసలమ్మ. సమాధి రాయి మీద పుట్టింటి ఇంటిపేరు తప్ప సొంత పేరు ఉండదు.

పెళ్లికి ముందు రోజుల్లో పిల్ల, స్నేహితురాళ్లు కలిసి ఏడుపు పాటలు పాడేవారు. అవి మొక్కుబడి ఏడుపులు కావు. పెళ్లిళ్ల పేరయ్యను, అత్తింటివాళ్లను, ఒక్కోసారి కన్నవాళ్లనే తిట్టే పాటలు. నోరెత్తి మాట్లాడే హక్కు ఆడపిల్లకు దొరికిన కొద్ది సందర్భాల్లో అదొకటి. ఆ పాటలు కట్టింది చదువురాని అమ్మాయిలే. అక్కడి జానపదంలో అంత పదునైన కవిత్వం అరుదు.

కొందరు ఏడుపుతో ఆగలేదు. పెర్ల్ నది డెల్టాలోని షుండె ప్రాంతంలో చెరువు గట్ల మీద మల్బరీ, చెరువులో చేపలు. ఆకు పురుగుకు, పురుగు పెంట చేపకు, చెరువు బురద మళ్లీ మల్బరీ మొక్కకు. ఈ పట్టు సాగులో ఆడవాళ్ల చేతిపని కీలకం. 19వ శతాబ్దం చివర ఆవిరితో నడిచే పట్టు మిల్లులు వచ్చాక వాళ్ల చేతికి కూలి డబ్బు వచ్చింది. వేల మంది అమ్మాయిలు దేవుడి ముందు, తోటివాళ్ల ముందు తమ జుట్టు తామే ముడి వేసుకుని పెళ్లి చేసుకోబోమని ఒట్టు పెట్టుకున్నారు. పెళ్లినాడు వేయాల్సిన ముడిని పెళ్లి లేకుండానే వేసుకోవడం అది. వాళ్లను జుట్టు తామే దువ్వుకున్నవాళ్లు అన్నారు. కానీ పెళ్లి కాని ఆడది పుట్టింట్లో చనిపోకూడదు. తండ్రి మందిరంలో ఆమెకు నామఫలకం ఉండదు. అందుకే డబ్బులు పోగేసి ఉమ్మడిగా ఇళ్లు కట్టుకున్నారు. 1930ల్లో పట్టు ధర కూలిపోయాక చాలామంది సింగపూర్, మలయా ఇళ్లలో పనికి వెళ్లారు. అలా వెళ్లిన షుండె ఆడవాళ్లు పంపిన డబ్బుతోనే 1950లో జున్‌ఆన్ ఊళ్లో బింగ్ యూ టాంగ్ అనే మందిరం లేచింది. అక్కడ తమ నామఫలకాలు తామే పెట్టుకున్నారు. కొడుకులు లేని పితరుల మందిరం అది.

జాబితా మారింది, ప్రశ్న మారలేదు

కమ్యూనిస్టులకు వంశం అంటే మొదటి నుంచీ శత్రువే. 1927లోనే మావో రైతును కట్టేసిన తాళ్లలో వంశ పెత్తనం ఒకటని రాశాడు. 1950 భూసంస్కరణ చట్టం పితరుల మందిరాల పొలాలను స్వాధీనం చేసుకోవాలని పేరు పెట్టి చెప్పింది. మందిరాలు గోదాములయ్యాయి, బడులయ్యాయి. 1966లో సాంస్కృతిక విప్లవం మొదలయ్యాక నామఫలకాలు పగిలాయి, వంశవృక్షాల పుస్తకాలు మంటల్లో పడ్డాయి. 1980ల్లో పట్టు సడలగానే ఆగ్నేయాసియా, అమెరికా, బ్రిటన్‌ల నుంచి ఊరివాళ్లు పంపిన డబ్బుతో మందిరాలు తిరిగి లేచాయి. వలస వెళ్లినవాళ్ల డబ్బు ఊరిని నిలబెట్టడం అక్కడ కొత్త కాదు. డబ్బుతోపాటు వచ్చే ఉత్తరాలు లక్షా అరవై వేల దాకా భద్రంగా ఉన్నాయి. యునెస్కో 2013లో వాటిని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది.

మందిరాల కంటే ముఖ్యమైనది ఇంకొకటి జరిగింది. సమిష్టి వ్యవసాయం రోజుల్లో ఉత్పత్తి దళాలను చాలాచోట్ల వంశ శాఖల హద్దుల మీదే ఏర్పరిచారు. పొలం మూల పురుషుడి పేరు నుంచి సమిష్టి పేరుకు మారింది. హద్దులు, దాయాదులు మాత్రం వాళ్లే.

హాంకాంగ్‌లో ఈ సంగతి చట్టంలోకే ఎక్కింది. 1972 విధానం ప్రకారం, 1898 నాటికి ఆ ఊళ్లో ఉన్నవాడి మగ సంతతికి చెందిన ప్రతి మగవాడూ 18 ఏళ్లు నిండాక జీవితంలో ఒకసారి 700 చదరపు అడుగుల స్థలంలో మూడంతస్తుల ఇల్లు కట్టుకోవచ్చు. న్యూ టెరిటరీస్ ఆడవాళ్లకు పల్లె భూముల్లో వారసత్వ హక్కు 1994లో వచ్చింది. ఊరి పెద్దలు వీధుల్లోకి వచ్చి దాన్ని అడ్డుకోజూశారు. ఇల్లు కట్టుకునే హక్కు మాత్రం మగవాళ్లదేనని 2021లో హాంకాంగ్ అత్యున్నత న్యాయస్థానం నిలబెట్టింది.

గ్వాంగ్‌డాంగ్‌లో పొలాల మీద ఫ్యాక్టరీలు లేచాయి. ఫోషాన్‌లోని నాన్‌హాయ్‌లో 1990ల నుంచి ఊరి భూమిని వాటాలుగా మార్చి, అద్దె లాభాన్ని ఏటా పంచుతున్నారు. ఒకప్పటి మాంసం ముక్క ఇప్పుడు బ్యాంకు ఖాతాలో డివిడెండ్. పైఊరి వాడిని చేసుకున్న ఆడపిల్లకు చాలా ఊళ్లు ఆ వాటా ఆపేశాయి. ఆమె అక్కడే ఉంటున్నా, అక్కడే పుట్టినా, మందిరంలో దీపం కట్టించుకోని మనిషే. ఇలాంటి కేసులు దశాబ్దాలుగా కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి. 2025 మే 1 నుంచి అమల్లోకి వచ్చిన గ్రామీణ సమిష్టి ఆర్థిక సంస్థల చట్టం, పెళ్లయిందనో కాలేదనో, విడాకులనో, వైధవ్యమనో, ఇంట్లో మగవాడు లేడనో ఆడవాళ్ల వాటాను తీసేయకూడదని స్పష్టంగా రాసింది. అదే చట్టం ప్రకారం ఎవరు సభ్యులో తేల్చాల్సింది మాత్రం ఊరి సభే. ఆ సభలో ఇప్పటికే వాటా ఉన్నవాళ్లు కూర్చుంటారు. కొత్త పేరు ఒకటి చేరితే తమ వాటా ఎంత తగ్గుతుందో వాళ్లకు తెలుసు.